ఆటలోని లోకము



ఈ మాసము మన ప్రసంగమునకు విషయము వీడియో గేము. ఈ పేరు వినినంతనే పుట మరలింపవలదని ప్రార్థన. మనము వంకాయ కొనునప్పుడు పుచ్చు లేదని తెలిసికొని గాని సంచిలో వేయము. చీర కొనునప్పుడు మడత విప్పి వెలుతురున పట్టి చూతుము. పిల్లలు చదువు పుస్తకమునైనను ఒకమాఱు తిరుగవేయుదుము. కాని సెలవు దినములలో వారు పూటలకు పూటలు ధారపోయు ఆటను పరీక్షించువారు మనలో నెందఱు? “ఆ పాడు ఆట కట్టిపెట్టు” మని కసరుట యొకటి, “అల్లరి చేయకున్నాడు, అంతే చాలు” నని యూరకుండుట మఱియొకటి. ఈ రెండే మనకు తెలిసిన త్రోవలు. రెండింటిలోను చూచుట లేదు. చూడనిదే మంచిచెడ్డలు చెప్పుట యెట్లు?

మేము కొంతకాలముగా బాలుర ప్రక్కన కూర్చుండి యీ యాటలు చూచుచు, అప్పుడప్పుడు స్వయముగా ఆడుచు వచ్చితిమి. వీనిలో కొన్ని మనస్సును తమలోనికి లాగికొనును. కొన్ని యెంత ధనము పోసి చేసినవైనను గడియలోనే ఆవులింత పుట్టించును. ఈ భేదమునకు కారణ మేమని యాలోచింపగా మాకు తోచినదానిని ఇచ్చట విన్నవించుచున్నాము.

మేము చెప్పునది పరుగుపందెముల యాటను గూర్చియు, తుపాకి యాటను గూర్చియు కాదు. ఇది వేఱొక జాతి. ఇందులో ఆడువారు కథానాయకుని వేషము ధరింతురు. వారి యెదుట అడవులు, కొండలు, ఏఱులు, పల్లెలు, పట్టణములు గల కల్పిత దేశ మొకటి పఱచుకొని యుండును. అందు రాక్షసులు, మాంత్రికులు, మాటలాడు జంతువులు నుండవచ్చును. ఫలానా దారినే పోవలెనన్న నిర్బంధము లేదు. పెద్దకథను కొంతకాలము విడిచి ఏ పల్లెకైనను పోవచ్చును, ఎవరితోనైనను మాటలాడవచ్చును, చెట్టుక్రింద కూర్చుండి వాన వెలియువఱకు వేచియుండవచ్చును. 2011లో అమెరికా నుండి వచ్చిన స్కైరిమ్, 2015లో పోలండు నుండి వచ్చిన విచర్ 3, 2017లో జపాను నుండి వచ్చిన బ్రెత్ ఆఫ్ ది వైల్డ్, 2022లో ఆ దేశము నుండియే వచ్చిన ఎల్డెన్ రింగ్ - ఇవి యీ జాతిలో పేరుగాంచినవి.

ఇది మన కంత క్రొత్త సంగతియా? మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు మన పెద్దలు చదివినవే. కాశికి పోవు మణిసిద్ధునకు తోడుగా వచ్చుటకు గొల్లపిల్లవాడొకడు ఒక నియమము పెట్టెను: త్రోవలో తాను చూచిన వింతల కథలు తనకు చెప్పవలెను. మజిలీ చేరగనే పిల్లవాడు ఊరిమీదికి పోవును. వింతను చూచి వచ్చి యడుగును. గురువు దాని వెనుకనున్న కథ చెప్పును. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రమునకు మూలము ఈ కథలలోనిదే. ఆ గొల్లపిల్లవాడే నేటి యాటగాడు. కనబడిన ప్రతి వింతకును వెనుక కథ యుండునన్న నమ్మకమే వానిని తరువాతి మజిలీకి నడపించును. ఆ నమ్మకము చెడినచో కాశి యెంత గొప్పదైనను కాళ్లు నొచ్చును.

మొదట, దేశము పెద్దదైనంత మాత్రమున ఆట గొప్పది కాదు. 1996లో డాగర్‌ఫాల్ అను ఆట వచ్చినది. దాని దేశము బ్రిటను దీవియంత పెద్దదని చేసినవారు చెప్పిరి. అందలి ఊళ్లు వేల సంఖ్యలో నున్నవి. అన్ని ఊళ్లు చేతితో కట్టుట మనుష్యులకు సాధ్యము కాదు గనుక చాలవఱకు కంప్యూటరే యొక లెక్క ననుసరించి కట్టినది. ఒక్కొక్క యూరు చూడ బాగే యున్నది. పది యూళ్లు చూచిన పిదప పదునొకండవ యూరికి పోవలెనని తోచదు. ఒకే అచ్చున పోసిన ఇటుకలకు పేర్లు పెట్టినట్లుండును. చిన్న యూరైనను ఒకరు శ్రద్ధతో కూర్చినదైనచో సందు మలుపున నొక వింత దొరకును. ముగ్గు ఎంత పెద్దదని కాదు గదా మనము మెచ్చుకొనుట!

రెండవది దారి చెప్పు విధము. 2002లో వచ్చిన మోరోవిండ్ అను ఆటలో ఎక్కడికైనను పోవలెనన్న ఊరివారి మాటయే ఆధారము: “వంతెన దాటి, కుడిచేతి త్రోవ పట్టి, రాళ్ల గుట్ట కనబడువఱకు పొమ్ము” అన్న పోలికగా చెప్పుదురు. ఆటగాడు గుట్టను వెదకవలెను, రాళ్లను గుర్తింపవలెను. 2006లో ఆ సంస్థవారే తెచ్చిన ఆబ్లివియన్‌లో తెఱమీద దిక్కు చూపు గుర్తు వెలసినది. ఆ గుర్తు వెంట పోయిన చాలును. అడవి యెట్లున్నదో చూడ నక్కఱ లేదు. సౌకర్యము హెచ్చినది గాని కన్ను మందగించినది. పటమంతయు గుర్తులతో నింపిన ఆటలు తరువాత చాల వచ్చినవి. వానిలో ఆటగాడు దేశములో తిరుగడు, గుర్తులలో తిరుగును.

ఈ సందర్భమున కిష్కింధాకాండము జ్ఞప్తికి వచ్చుచున్నది. సుగ్రీవుడు వానరులను నాలుగు దిక్కులకు పంపుచు, ఏ దిక్కున ఏ కొండలు, ఏ నదులు, ఏ జనులు కలరో నోటితోనే చెప్పెను; ఒక మాసము గడువు పెట్టెను. దక్షిణమునకు పోయిన హనుమంతాదులు దప్పికచే డస్సియుండగా ఒక బిలమునుండి తడిసిన ఱెక్కలతో పక్షులు వెలువడుచుండుట చూచిరి. ఱెక్క తడిసినదన్న లోపల నీరున్నదన్నమాట. ఆ గుర్తును ఎవ్వరును వారికి వ్రాసి చూపలేదు. వారే చదివికొనిరి. మంచి యాటయు ఇట్లే పొగను చూపి పొయ్యిని ఊహింపనిచ్చును. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో దూరపు కొండమీది చిన్న మెఱుపే మనలను పిలుచును. పోవుటయు మానుటయు మన యిష్టము.

ఇక మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఆ బిలములోపల స్వయంప్రభ యను తాపసి యుండెను. తన చెలికత్తె హేమ యొక్క భవనమును ఆమె కాచుచుండెను. వానరులు వత్తురని ఆమె కాచుకొని యుండలేదు. వచ్చినవారికి పండ్లిచ్చి, నీరిచ్చి, కన్నులు మూసికొమ్మని వెలుపలికి చేర్చెను. మరల తన పనిలోనికి పోయెను. సీతాన్వేషణమునకు ఆమెవలన వార్తయేమియు తెలియలేదు. పైగా వారి గడువు అక్కడనే గడచిపోయెను. అయినను ఆ ఘట్టమును మఱచువా రెవరు? మనము రాక మునుపే ఉండినట్లును, మనము పోయిన పిదపను ఉండునట్లును తోచు లోకమే నిజమైన లోకము. అంతయు మన రాకకై నిలిచి యున్నట్లు తోచినచో అది రంగస్థలపు తెర.

మా గరిడేపల్లినే చూడుడు. సాగరు ఎడమకాలువకు నీరు వదలు దినము మన ముహూర్తము ననుసరించి రాదు. నీరు వచ్చినచో నాట్లు పడును, ఆడువారు తెల్లవాఱకముందే పొలమునకు పోవుదురు, ఊరు ఖాళీయగును. సూర్యాపేట ప్రక్కన దురాజుపల్లి పెద్దగట్టుమీద లింగమంతులస్వామి జాతర రెండేండ్ల కొకమాఱు వచ్చును. మనము పోయినను పోకున్నను డోళ్లు మ్రోగును. ఊరికి తన కాలము, తన పని, తన బాధ కలవు గనుకనే అది మనకు ఊరుగా తోచుచున్నది.

ఆటలు చేయువారును ఇది యెఱుగుదురు. ఆబ్లివియన్‌లోను స్కైరిమ్‌లోను కమ్మరి పగలు కొలిమికడ నుండును, రాత్రి యింటికి పోయి నిదురించును. చూచుటకు ముచ్చటయే. కాని యా స్కైరిమ్‌లోనే కావలివారిలో చాలమంది తాము పూర్వము సాహసయాత్రలు చేసినవారమనియు, మోకాట బాణము దిగుటచే మానుకొంటిమనియు చెప్పుదురు. మొదట వినినప్పుడు జాలి కలుగును. పదవ మాఱు అదే మాట మఱియొకని నోట వినినప్పుడు నవ్వు వచ్చును. ఒక్క వాక్యముతో నిలిచిన లోకము ఒక్క వాక్యముతోనే కూలును.

అప్పగించు పనులలోను ఇదియే భేదము. “పది తోడేళ్లను చంపి తోళ్లు తెమ్ము” అను పని యే యాటలోనైనను దొరకును. తెచ్చితిమి, నాణెములు పుచ్చుకొంటిమి, మఱచితిమి. విచర్ 3లో యుద్ధము నడచిపోయిన యొక పల్లెలో ఒక ముసలమ్మ తన వేపుడు పెనము మూతవేసిన యింట చిక్కినది, తెచ్చిపెట్టుమని యడుగును. ఎంత యల్పమైన పని! తలుపు తెఱచి చూడగా లోపల శవము. యుద్ధపు రహస్య మొకటి ఆ గదిలో దాగియున్నది. ముసలమ్మకు మాత్రము పెనమే కావలెను. యుద్ధము రాజులది, పెనము ఆమెది. వంటయింటి బ్రదుకు తెలిసిన యెవరో ఈ ఘట్టము వ్రాసిరని మాకు తోచినది.

ఆ యాటలోనే యొక సామంతుడు భార్యయు, కూతురును కనబడకపోయిరని వెదకించును. ఇల్లు పరిశీలింపగా త్రాగుడును, కొట్టుటయు, పగిలిన వస్తువులును అసలు కథ చెప్పును. వారు తప్పిపోలేదు, తప్పించుకొనిరి. అతనిని అసహ్యించుకొందుమా, జాలిపడుదుమా యని ఆటగాడు తబ్బిబ్బు పడును. ఎప్పుడో చేసిన నిర్ణయము యొక్క ఫలము ఎన్నో గంటల పిదప ఆ యిల్లాలి గతిగా ఎదుటికి వచ్చును. చేసిన పనికి ఫల మున్నదన్నదే లోకమునకు బరువు. ఇట్టి కథ పసిపిల్లలకు తగదు. ఐరోపాలో దీనిని 18 ఏండ్లు నిండినవారికే నిర్ణయించిరి. డబ్బామీద వయస్సు ముద్రించి యుండును. తల్లులు మొట్టమొదట చూడవలసిన దదియే.

నియమములు ఒక్కతీరుగా నుండవలెననుటయు ఇందులోనిదే. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో వాన పడినచో రాయి జాఱును, కొండ యెక్కుట కష్టమగును. ఎండుగడ్డికి నిప్పంటుకొనును. ఇనుప కత్తి ధరించి ఉఱుములలో తిరిగినచో పిడుగు పడును. మన కెవరును పాఠము చెప్ప నక్కఱలేదు, లోకజ్ఞానము చాలును. కొన్ని యాటలలోనో, ఘటసర్పమును చంపిన వీరుడు మోకాలెత్తు కంచె దాటలేడు! అచ్చటనే భ్రమ తొలగును.

అయితే విసుగునకు దోషము ఆటదే కాదు, ఆడు విధానముదియు కావచ్చును. పైయాటలో 900 విత్తనములను కొండకోనల దాచిరి. ఎవరు ఏ మూలకు పోయినను ఒకటి దొరకవలెనని వానిని చల్లిరి గాని అన్నియు ఏఱవలెనని కాదు. పట్టుపట్టి 900 ఏఱినవానికి దక్కు బహుమానము పేడకుప్ప రూపున నున్న బంగారు ముద్ద. దానివలన ప్రయోజనము లేదు. లోభమునకు ఇంతకన్న చక్కని పరిహాసము మేము చూడలేదు.

కొన్ని యాటలు మాత్రము ఈ లోభమునే పెట్టుబడిగా పెట్టికొన్నవి. 2020లో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్ కన్నుల పండువైన దేశము. దించుకొనుటకు వెల లేదు. కాని దినమునకింతయని కూలిపని వలె పనులుండును. క్రొత్త పాత్రలు లాటరీ చీటీ వలె పడును. చీటీలకు రూపాయలు పెట్టవచ్చును. లోకము పిలుచుటచే పోవుటయు, బాకీ పిలుచుటచే పోవుటయు ఒకటి కావు. ఆట మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2019లో ఆమోదించిన రోగముల పట్టికలో చేర్చిరి. ఆ పట్టిక 2022 నుండి అమలులోనికి వచ్చినది. కావున గడియారముమీద కన్నుండవలసినదే.

ఇంతకును ఈ లోకములు ఎవరి మనస్సున పుట్టినవి? 1986లో వచ్చిన జెల్డా మొదటి యాటను చేసిన మియామోటోగారు బాల్యమున క్యోటో దగ్గఱ సొనొబె అను పల్లె చుట్టు కొండలలో తిరిగెడివారట. అనుకొనకుండ నొక గుహ కనబడగా, దీపము పట్టికొని లోపలికి పోయిరట. ఆ భయమును, ఆ యానందమును ఆటలో పెట్టితినని వారే చెప్పియున్నారు. పని లేకుండ తిరిగిన బాలుడు ప్రపంచమునకొక దేశమును ఇచ్చినాడు.

మన పిల్లలకు గుహలు లేవా? ఫణిగిరిమీద బౌద్ధస్తూపము కలదు. పిల్లలమఱ్ఱిలో కాకతీయులనాటి గుడులు కలవు. మట్టపల్లిలో కృష్ణయొడ్డున నరసింహస్వామి కలడు. కాని మన యాడపిల్ల ఆ త్రోవన రెండడుగులు వేసినచో ప్రతి యరుగుమీది నుండియు “ఎక్కడికే?” యన్న ప్రశ్న వచ్చును. పని లేకుండ తిరుగు భాగ్యము మగపిల్లవానిది. ఇంట ఆటలోను అదియే వరుస: అన్న ఆడుచుండును, చెల్లెలు వెనుక నిలిచి చూచుచుండును. ఏ గుర్తును లేక, ఎవరికిని జవాబు చెప్ప నక్కఱ లేక, కొండ కావల ఏమున్నదో చూచి వచ్చుట యెట్టిదో ఆమె కెప్పుడు తెలియవలెను?

కావున సోదరీమణులకు మా విన్నపము. ఈ సెలవులలో ఒక గంట ఆట ప్రక్కన కూర్చుండుడు. “ఈ యూరివారు నీవు లేనప్పుడేమి చేయుదురు? నీవు దారి యెట్లు కనుగొంటివి? నిన్న నీవు చేసినదానికి నేడేమి జరిగినది?” అని యడుగుడు. జవాబులున్నచో ఆట మంచిది. లేనిచో ఆ సంగతి వానికే తోచును. కసర నక్కఱ లేదు. పిదప ఆట పలకను ఆడపిల్ల చేతి కిండు. ఎండ తగ్గిన యొక ఆదివారమున ఆమెను పిలుచుకొని పిల్లలమఱ్ఱికి పొండు. ముందుగా ఏమియు చెప్పక, ఆమె యే మూలకు పోవునో వెనుక నడచి చూడుడు.