కొలవకుండా పార్టులు మార్చే ఇంజనీర్లు

మన ఆఫీసుల్లో ఒక జబ్బుంది. ఏదైనా పని చెయ్యకపోతే ముందు రీస్టార్ట్ చేస్తాం. తగ్గకపోతే వెర్షన్ మారుస్తాం. అదీ కాకపోతే పక్క టీమ్ మీద టికెట్ వేస్తాం. ఇన్ని చేశాక, ఇంక దిక్కులేక, లాగ్ తెరుస్తాం. సాఫ్ట్‌వేర్ కాబట్టి సరిపోయింది, ఎవరూ చచ్చిపోరు. ఇదే బుద్ధి ఇంట్లో 450 వోల్టుల డబ్బా ముందు చూపిస్తే ఏమవుతుందో ఈ మధ్య నాకు తెలిసొచ్చింది.

ఇంతకీ ఆ డబ్బా ఏమిటంటే గిటార్ యాంప్లిఫయర్. ఫెండర్ కంపెనీ వాళ్ళు 1950ల చివర్లో చేసిన చాంప్ 5ఎఫ్1 అనే సర్క్యూట్. చాలా చిన్నది. ఒక 12ఏఎక్స్7, ఒక 6వీ6, రెక్టిఫయర్‌గా ఒక 5వై3, మొత్తం మూడే వాల్వులు. నేను చదివింది ఈసీఈ. నాలుగేళ్ళలో వాల్వుల గురించి చెప్పింది ఒక్క పేజీ, అదీ పరీక్షలో రాదని వదిలేసిందే. అయినా డిగ్రీ ఉంది కదా అని ధైర్యం. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం కోఠీ గుజరాతీ గల్లీ దగ్గర ఒక పెద్దాయనతో చుట్టించాను. 230 వోల్టుల ప్రైమరీ, 325-0-325 సెకండరీ, ఫిలమెంట్లకి 6.3, రెక్టిఫయర్‌కి 5.

అన్నీ అతికించి ఆన్ చేశాను. స్పీకర్లోంచి దోమ పాడినట్టు సన్నగా, గరగరగా ఏదో వచ్చింది. మల్టీమీటర్ పెట్టి మొదటి ఫిల్టర్ కెపాసిటర్ దగ్గర చూస్తే 448 వోల్టులు. స్కీమాటిక్ కాగితం మీదేమో 340 అని ఉంది. నూటెనిమిది ఎక్కువ! "చుట్టినాయన తప్పు చుట్టాడు" అని అక్కడికక్కడే తేల్చేశాను. మర్నాడు వెళ్ళి ఆయన మీద నాలుగు కేకలేశాను కూడా. ఆయన "ఏసీ చూశావా బాబూ?" అన్నాడు. నేను వినలేదు.

తర్వాత కొత్త 5వై3 వేశాను. మార్పు లేదు. కొత్త 6వీ6 తెప్పించాను, దాని ఖరీదు మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. మార్పు లేదు. ఆ రాత్రి రెండు గంటల సేపు దాన్ని ఆన్‌లోనే ఉంచి ఎదురుగా కూర్చున్నాను. మా ఏరియాలో అర్ధరాత్రి దాటాక కరెంటు 245 దాకా పోతుంది. 231 దగ్గర 448 వచ్చింది కదా, 245 దగ్గర 475 అవుతుంది. నేను వేసిన కెపాసిటర్ల మీద రాసి ఉన్నది 450. అవి పేలితే లోపలున్న ఎలక్ట్రోలైట్ మొహమ్మీదకే వస్తుంది. ఈ లెక్క నేను మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూ వేసుకున్నాను.

అప్పుడు మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయన 1970ల్లో తెనాలిలో వాల్వు రేడియోలు బాగుచేసేవాడు. చదివింది పదో తరగతి.

"కేథోడ్ మీద ఎంతుందిరా?"

"చూళ్ళేదు బాబాయ్. బీ ప్లస్ మాత్రం ఎక్కువుంది..."

"ఎక్కువుందంటే ఎవడూ తాగట్లేదని అర్థం. వాల్వు కరెంటు లాగితే వోల్టేజి దిగుతుంది. ముందు కేథోడ్ చూడు."

చూడండి, సంగతి ఎంత చిన్నదో. 6వీ6 కేథోడ్‌కీ చాసిస్‌కీ మధ్య 470 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. స్కీమాటిక్ ప్రకారం అక్కడ 19 వోల్టులు రావాలి, అంటే వాల్వు సుమారు 40 మిల్లీయాంప్స్ లాగుతున్నట్టు. నాకొచ్చింది దాదాపు సున్నా. లోడు లేకపోతే 325కి పీక్ 460, అందులో కొంచెం పోతే 448. ట్రాన్స్‌ఫార్మర్ నిక్షేపంలా ఉంది. రెక్టిఫయర్ పీకేసి ఏసీ చూస్తే రెండు పక్కలా 325 ఉంది. ఫిలమెంట్ 6.4. పెద్దాయన అడిగింది ఇదే!

మరి వాల్వు ఎందుకు లాగట్లేదు? స్క్రీన్ వోల్టేజి నేను ముందే చూశాను, 428 ఉంది. కానీ చూసింది కెపాసిటర్ దగ్గర. సాకెట్లో నాలుగో పిన్ను మీద ప్రోబ్ పెడితే ఏమీ లేదు. అక్కడ నా టంకం పైకి మెరుస్తోంది గానీ లోపల అతుక్కోలేదు. మన సర్వర్ నుంచి రెస్పాన్స్ వెళ్ళింది కాబట్టి కస్టమర్‌కి చేరిపోయిందని వాదిస్తాం చూడండి, అచ్చం అదే. పైగా ఆ కెపాసిటర్ ముందున్న 10కె రెసిస్టర్ మీద 35 వోల్టులు పడాల్సింది, 20 మాత్రమే పడుతోంది. స్క్రీన్ కరెంటు లేదని ఆ అంకె మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంది. నేను 448 ఒక్కదాన్నే పట్టుకుని వేలాడాను.

మళ్ళీ టంకం వేశాక బీ ప్లస్ 352కి దిగింది, కేథోడ్ 20.5. ప్లేటు మీద పడే వేడి లెక్క వేస్తే 13 వాట్లు దాటింది. 6వీ6 పాత లెక్కలో 12, తర్వాతి లెక్కలో 14 భరిస్తుంది. నాకు మనసొప్పక 560 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే 12 లోపలికి వచ్చింది. కాగితం మీద 340 ఉంటే 340యే రావాలని లేదు లెండి. ఫెండర్ స్కీమాటిక్స్ చాలావాటి మీద 20 శాతం అటూ ఇటూ అని వాళ్ళే రాసుకున్నారు.

కొందరు స్నేహితులు "ఇంత ప్రమాదమైతే అసలెందుకు, ప్లగిన్ వాడుకోవచ్చుగా" అన్నారు. నేను ఒప్పుకోను. ప్రమాదం వాల్వులో లేదు, తెలియకుండా చెయ్యి పెట్టడంలో ఉంది. చేస్తానంటే మాత్రం ఇవి నవ్వులాటకి తీసుకోవద్దు. మూడు పిన్నుల ప్లగ్గు, చాసిస్‌కి ఎర్త్ (మీ ఇంట్లో ఆ మూడో రంధ్రానికి నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, చాలా పాత ఇళ్ళలో ఉండదు). మొదటిసారి 60 వాట్ల సిరీస్ బల్బు పెట్టి ఆన్ చెయ్యండి, ఎక్కడైనా షార్టుంటే బల్బు పూర్తిగా వెలిగి చెబుతుంది. నల్ల ప్రోబ్ చాసిస్‌కి క్లిప్పు, ఎర్రది ఒక చేత్తో, రెండో చెయ్యి జేబులో. రెండు చేతులూ లోపలుంటే షాక్ గుండె మీదుగా పోతుంది. స్పీకర్ తగిలించకుండా ఆన్ చెయ్యకండి. ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది, మీటర్లో సున్నా చూసేదాకా వేలు పెట్టొద్దు. నేను ఇప్పుడు మొదటి కెపాసిటర్ మీద 220కె, 2 వాట్ల బ్లీడర్ వేశాను. అర నిమిషం పైన పడుతుంది, ఆగుతాను.

శనివారం కోఠీ వెళ్ళాను. తప్పు నాదేనని చెబితే పెద్దాయన నవ్వి, ట్రాన్స్‌ఫార్మర్‌తో పాటు ఇచ్చిన చీటీ ఉందా అని అడిగాడు. జేబులోంచి తీశాను. దాని వెనకవైపు పెన్సిల్‌తో లోడు లేనప్పుడు ఎంత, లోడు మీద ఎంత అని రెండు అంకెలూ రాసి ఉన్నాయి. నేను తిప్పి చూళ్ళేదు. 500 వోల్టుల కెపాసిటర్లు ఏ షాపులో దొరుకుతాయో కూడా ఆయనే చెప్పాడు.