చదివినవారు బదులు చెప్పవలెను

ఎండుమిరప కల్లములలో తొడిమలు తీయు స్త్రీలు ప్రొద్దు క్రుంకువేళకు మండుచున్న చేతులతో ఇల్లు చేరుట గుంటూరు, ప్రకాశం జిల్లాలవారికి నిత్యానుభవమే. వారిలో నొక అవ్వ, కళాశాలలో భౌతికశాస్త్రము చదువుచు సెలవులకు వచ్చిన మనుమని చూచి, "అబ్బాయా, కాయలో నిప్పు లేదు గదా, చేతులెందుకు మండుతున్నాయి?" అని అడిగినచో, ఉష్ణగతికశాస్త్రములో నూటికి తొంబది మార్కులు తెచ్చుకొన్న ఆ విద్యార్థి ఏమి బదులు చెప్పగలడు? పాఠ్యపుస్తకములోని ఏ లెక్కకన్నను ఈ ప్రశ్నయే అతని చదువునకు గట్టి పరీక్ష యని నా దృఢాభిప్రాయము.

ఏలయన, బదులు చెప్పుటకు ముందు ఉష్ణమునకును, ఉష్ణానుభూతికిని గల భేదమును అతడు తన మనస్సులోనే తేల్చుకొనవలసియుండును. నీడపట్టున నున్న మిరప కుప్పలో ఉష్ణమాపకమును గ్రుచ్చి చూచినను పాదరసము గాలి వేడిమిని దాటి పైకెక్కదు. అయినను మంట సత్యము. మన చర్మములోని నాడుల కొసలయందు, సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌ను మించిన వేడి తగిలినపుడు తెరచుకొను సూక్ష్మద్వారములు గలవు. మిరపలోని కాప్సైసిన్ అను పదార్థము, వేడి యేమియు లేకుండగనే, ఆ ద్వారములనే తెరచును గనుక, మెదడునకు చేరు వార్త నిప్పు తగిలిన వార్తయే. 1997లో ఈ రహస్యమును ఛేదించిన అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమానమును మరియొకరితో కలిసి పొందెను. కాప్సైసిన్ నీట కరగుట బహు తక్కువ, నూనెలో కరగును. కావుననే వట్టి నీళ్లతో ఎంత కడిగినను వదలని మంట, ముందు నూనె రాచి పిమ్మట సబ్బుతో కడిగినచో చాలవరకు శమించును. భౌతికశాస్త్రమున మొదలైన విచారణ జీవశాస్త్రమును దాటి రసాయనశాస్త్రమున తేలి, అవ్వ చేతులకు ఉపశమనమైనది. ఏ ప్రశ్నపత్రము విద్యార్థిని ఇంతదూరము నడిపింపగలదు?

స్టడీ అవర్లకును, ప్రవేశపరీక్షలకును చాలని కాలములో ఇట్టి ప్రశ్నలకు వ్యవధి యెక్కడిదని తల్లిదండ్రు లనవచ్చును. వారి భయము నాకు తెలియును, దానిని చులకన చేయను. కాని, ఎదుటివానికి అర్థమగునట్లు చెప్పలేని విషయము తనకును అర్థము కాలేదని గ్రహించుటకు, అడుగువారి ముఖము చూచుచు చెప్పుటకన్న దగ్గరి మార్గము లేదు.

మన ప్రాంతమున దీనికి పూర్వోదాహరణ మున్నది. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు కథకుడుగా లోకప్రసిద్ధుడు. కాని ఆయన విజయనగరమున భౌతికశాస్త్రమే ప్రధానముగా బి.ఏ. చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఎమ్మెస్సీలో చేరి, ఆర్థికమాంద్యమువలన చదువు ముగింపలేకపోయిన విద్యార్థి. పట్టా దక్కకపోయినను శాస్త్రదృష్టిని ఆయన విడువలేదు. విజ్ఞానవిషయములపై తెలుగున వ్యాసములు వ్రాసెను. ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ బొంబాయి భాభా అణుపరిశోధన కేంద్రమున శాస్త్రజ్ఞుడుగా పనిచేసెను; విశ్వమును గూర్చియు, జీవపరిణామమును గూర్చియు సామాన్య పాఠకుని సందేహములు తీరునట్లు 2012లో మరణించువరకు తెలుగున వ్రాయుచుండెను.

బదులు చెప్పువారు కరవైనచోట సొంత ఊరి చరిత్రయు మరుగున పడును. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును గుంటూరునుండి పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, సూర్యుని అంచున లేచు జ్వాలలు ప్రధానముగా హైడ్రోజన్ వాయువని వర్ణపటమువలన గుర్తించి, మరునాడు గ్రహణము లేకుండగనే వానిని చూడగలిగెను. వర్ణపటముల పాఠమును కంఠస్థము చేయు గుంటూరు విద్యార్థికి ఈ సంగతి చెప్పకపోవుట మన విద్యావిధానమునకు లోపమే.

కావున నా కోరిక యిది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతన మను గ్రంథాలయమును నెలకొల్పుకొన్న ఈ ప్రాంతమున, ప్రతి శాఖా గ్రంథాలయమునందును ఒక ప్రశ్నల పుస్తక ముంచవలెను. వ్రాయనేరని వారి ప్రశ్నను గ్రంథాలయాధికారి వ్రాసిపెట్టవలెను. సమీప కళాశాలలోని భౌతికశాస్త్ర విద్యార్థులు వంతులవారీగా వచ్చి, అడిగినవారికి తెలియు తెలుగున బదులు వ్రాసి సంతకము చేయవలెను. "నాకు తెలియదు, చదివి వచ్చి చెప్పెదను" అనుటయు గౌరవప్రదమైన బదులే. అధ్యాపకుడు నెలకొకసారి వానిని చదివి, తప్పున్నచో కొట్టివేయక, ప్రక్కనే సరియైన బదులును తేదీతో వ్రాయింపవలెను. ఆ విద్యార్థియే దానిని అడిగినవారి యింటికి పోయి చదివి వినిపింపవలెను.