బీరువాలో కెమెరా



మన హాస్టల్‌కి ఒక డిజిటల్ కెమెరా ఉందన్న సంగతి చిన్న తరగతుల వాళ్లకు తెలియకపోవచ్చు. అది ఆఫీసు బీరువాలో, పై అరలో, తోలు సంచిలో ఉంది. ఆగస్టు పదిహేనుకి, జనవరి ఇరవై ఆరుకి బయటికొస్తుంది. మళ్లీ తాళం. "పిల్లల చేతిలో పడితే ఉంటుందా?" అని పెద్దల భయం. ఆ భయం అబద్ధం కాదు. కానీ తాళం వేస్తే వస్తువు క్షేమంగా ఉంటుందనుకోవడం పొరపాటని నా అభిప్రాయం. ఎందుకో, మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది ముక్త్యాల. నాన్న కృష్ణలో చేపలు పడతాడు. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు మా బాబాయి ఒక పాత కెమెరా కొని, స్నానాలకు వచ్చినవాళ్లకు ఫోటోలు తీశాడు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, ఆ బేరం ఆగిపోయింది. కెమెరా ఇంట్లో ఉండిపోయింది. మా నాయనమ్మ నవ్వుతున్న ఫోటో ఒక్కటే ఉంది. అది దాంతో తీసిందే. తాతకు అదీ లేదు. ఆధార్ కార్డు మీద నల్లగా పడిన మొహమే మాకు మిగిలిన తాత.

2024 వేసవి సెలవుల్లో నేను ఆ కెమెరా పట్టుకుని ఏటి ఇసుకలోకి పోయాను. లెన్సు గొట్టం సందులో ఇసుక పడింది. బయటికి వచ్చిన లెన్సు లోపలికి పోదు. భయపడి వేలితో నెట్టబోయాను. బాబాయి చూసి, "ఒరేయ్, నొక్కమాక! లోపల పళ్లచక్రాలు విరుగుతయ్" అని కేకేశాడు. సెల్లులు తీసేశాడు. లెన్సు నేలవైపు తిప్పి పట్టుకుని, రబ్బరు బుడ్డితో సందులో గాలి కొట్టాడు. పది నిమిషాలకు రెండు రేణువులు రాలాయి. సెల్లులు వేస్తే లెన్సు కదిలింది. రూపాయి ఖర్చు కాలేదు.

కానీ ఆయనకు కోపమొచ్చింది. కెమెరాను సెల్లులతో సహా గుడ్డలో చుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ సెప్టెంబరు మొదట్లో కృష్ణకు పెద్ద వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. మా గోడలు చాన్నాళ్లు చెమ్మ వదల్లేదు. సంక్రాంతికి పెట్టె తీస్తే లెన్సు లోపల సాలెగూడు లాగా సన్నటి దారాలు. బూజు పట్టింది. సెల్లులు కారి స్ప్రింగుల మీద తెల్లగా పెచ్చు కట్టింది. నేను ఆడి చేసిన నష్టం పది నిమిషాల్లో పోయింది. దాచి చేసిన నష్టం ఇప్పటికీ పోలేదు.

బూజు పెరగడానికి చీకటి, చెమ్మ, గాలి ఆడని చోటు, కాస్త దుమ్మో వేలిజిడ్డో ఉంటే చాలు. మన బీరువాలో, ఆ తోలు సంచిలో, ఇవన్నీ ఉన్నాయి. తరచుగా వెలుతురులోకి వచ్చే కెమెరాకు బూజు అంత తేలిగ్గా పట్టదు.

మనం చేసుకోదగ్గ పనులు ఇవి:

1. వాడనప్పుడు పెన్సిల్ సెల్లులు తీసి విడిగా పెట్టాలి. కారితే, అగ్గిపుల్లకు దూది చుట్టి, నిమ్మరసంలో కొంచెం ముంచి స్ప్రింగులు తుడిచి, బాగా ఆరనివ్వాలి.

2. లెన్సును చొక్కా అంచుతో తుడవొద్దు. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. ముందు గాలి కొట్టి దుమ్ము పోగొట్టి, తర్వాత మెత్తటి శుభ్రమైన గుడ్డతో మెల్లగా తుడవాలి.

3. తోలు సంచి వద్దు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా చాలు. బూట్ల అట్టపెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా అందులో వేయాలి. అవి చెమ్మ పీలుస్తాయి.

4. నీళ్లలో పడితే ఆన్ చేసి చూడొద్దు. వెంటనే సెల్లులు, మెమరీ కార్డు తీసి, మూతలు తెరిచి, నీడలో ఫ్యాను గాలికి రెండు మూడు రోజులు ఉంచాలి. పొయ్యి దగ్గర పెట్టొద్దు. బియ్యంలో పూడ్చితే సందుల్లోకి తవుడు పోతుంది.

ఇక చేయకూడని పని ఒకటుంది. స్క్రూలు విప్పకూడదు. ఫ్లాష్ వెనక ఉండే కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలవుంటాయి. సెల్లులు తీసినా వెంటనే పోవు. లోపలి బూజు, లోపలి వైర్లు మెకానిక్ పని. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా రిపేరు నేర్చుకోవడంలో భాగమే.

మొదటి డిజిటల్ కెమెరాను 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ చేశాడు. సినిమా కెమెరా లెన్సు, క్యాసెట్ రికార్డరు, ఇలా దొరికిన సామాన్లతో బిగించాడు. మూడున్నర కిలోల పైనే బరువు. ఒక ఫోటో టేపు మీద ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. వస్తువును ముట్టుకోనివ్వకుండా బీరువాలో పెడితే ఆయన మాత్రం ఏం చేసేవాడు?

పోతే లెక్క చెప్పాల్సింది వార్డెన్ గారే. అది మాకు తెలుసు. అందుకే ఒక్క మనవి. తరగతికి ఇద్దరిని పెట్టండి. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడిచ్చారు, ఎలా ఉంది, సంతకం. మాలో ఎవరైనా నిర్లక్ష్యం చేస్తే నెల రోజులు ఆ తరగతికి కెమెరా లేదు. మొదటి తప్పు నాదైతే మొదట నన్నే తీసేయండి.

మనకు హాస్టల్లో ఫోన్లు లేవు. తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చే ఆదివారం ఆ కెమెరా బయటికి తీయించండి సార్. మనలో చాలామంది అమ్మానాన్నలకు కార్డు మీద ఫోటో తప్ప ఇంకోటి లేదు. వాళ్లు ఉండగానే తీసుకుందాం.

తప్పులుంటే మన్నించగలరు.

— తొమ్మిదో తరగతి విద్యార్థి, ముక్త్యాల