వంతెన దాటితే నేరస్తుడు

పోయిన శీతాకాలంలో ఓ శనివారం. ఫిలడెల్ఫియా దగ్గర ఉండే మా కాలేజీ మిత్రుడొకడు కుటుంబంతో సహా ఎడిసన్‌లో మా ఇంటికి భోజనానికొచ్చాడు. గుత్తొంకాయ కూర, పప్పుచారు అయ్యి పెరుగన్నంలోకి వచ్చాం. ఉన్నట్టుండి వాడు చెయ్యి ఆపేశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, గొంతు తగ్గించి, "ఒరేయ్, కార్లో తుపాకీ ఉండిపోయింది రా" అన్నాడు.

వీడేదో గ్యాంగుల్లో తిరిగే రకం కాదు. పదిహేనేళ్ళుగా డేటాబేసులు చూసుకుంటున్న బుద్ధిమంతుడు. పసుపు లైటు చూస్తేనే బ్రేకు మీద కాలేస్తాడు. వాళ్ళ వీధిలో రెండు మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం కోసం దొంగలు పడ్డారు. ఆ తర్వాత, గ్రీన్‌కార్డు చేతికి రాగానే, పిస్తోలు కొన్నాడు. దుకాణంలో ఫెడరల్ తనిఖీ అయింది. షెరీఫ్ ఆఫీసులో దరఖాస్తు పెడితే ఐదేళ్ళ లైసెన్సొచ్చింది. అంతా చట్టప్రకారమే. కాకపోతే ఆ చట్టం పెన్సిల్వేనియాది, వాడప్పుడున్నది న్యూజెర్సీలో.

డెలావేర్ నది మీద వంతెన దాటిన క్షణం నుంచీ వాడి పర్సులో ఉన్న లైసెన్సు చిత్తుకాగితమే. న్యూజెర్సీ వేరే ఏ రాష్ట్రపు లైసెన్సునీ గుర్తించదు. పర్మిట్టు లేకుండా పిస్తోలు దగ్గరుంచుకుంటే ఇక్కడ రెండో స్థాయి నేరం. ఐదు నుంచి పదేళ్ళ జైలు, అందులో కనీసం మూడున్నరేళ్ళు పెరోల్ ఊసు లేకుండా.

పోలీసులకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేస్తే? ఇద్దరికీ ఒకేసారి షానీన్ అలెన్ గుర్తొచ్చింది. ఆవిడ ఫిలడెల్ఫియాలో పిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటున్న తల్లి. దోపిడీలకి గురయ్యాక తుపాకీ కొనుక్కుని పెన్సిల్వేనియా లైసెన్సు తీసుకుంది. 2013 అక్టోబరులో అట్లాంటిక్ సిటీ ఎక్స్‌ప్రెస్‌వే మీద లేన్ మారడంలో ఏదో పొరపాటు చేసిందని పోలీసు ఆపాడు. ఆవిడ తనంతట తానే, నా దగ్గర తుపాకీ ఉంది, ఇదిగో లైసెన్సు అని చెప్పింది. చెప్పినందుకే అరెస్టు. నెల రోజులకి పైగా జైల్లో ఉంది. మొదట్లో ప్రాసిక్యూటర్ ఏ రాయితీకీ ఒప్పుకోలేదు. దేశమంతా గోల అయ్యాక 2014లో దిగొచ్చాడు. చివరికి 2015 ఏప్రిల్‌లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెడితే గానీ ఆ మచ్చ పోలేదు.

మావాడికి గవర్నర్ ఎవరూ తెలీదు కాబట్టి మేం ఫోన్ చెయ్యలేదు. తూటాలు వేరు చేసి, పిస్తోలుని తాళమున్న పెట్టెలో పెట్టి, డిక్కీలో దాచి, స్పీడ్ లిమిట్ దాటకుండా ఇంటికి పోయాడు. అలా చేస్తే చట్టబద్ధమైపోతుందా అంటే, కాదు. "చేరాం" అని ఫోనొచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తుపాకీ పట్టుకుని బయట తిరగాలంటే లైసెన్సు ఉండాల్సిందే, దానికి పరీక్ష పెట్టాల్సిందే. కానీ ఆ పరీక్ష పాసయినవాణ్ణి నది దాటిన పాపానికి నేరస్తుణ్ణి చెయ్యడం వల్ల ఎవరికీ భద్రత రాదు. దొంగ ఎలాగూ ఏ రాష్ట్రంలోనూ లైసెన్సు అడగడు. ఇరుక్కునేది అడిగి తీసుకున్నవాడే.

"ఫెడరల్ చట్టం కాపాడదా?" అని అడగొచ్చు. 1986లో ఒక చట్టం చేశారు. తుపాకీ చట్టబద్ధంగా ఉంచుకోగలిగిన ఒక చోటి నుంచి అలాంటి ఇంకో చోటికి పోతూ, మధ్యలో ఏ రాష్ట్రం గుండా వెళ్ళినా ఫరవాలేదన్నారు. షరతులేమిటంటే, తుపాకీలో తూటాలు ఉండకూడదు, చేతికందేలా ఉండకూడదు. డిక్కీ లేని బండైతే తాళమేసిన పెట్టెలో ఉండాలి. గ్లవ్ బాక్స్ లెక్కలోకి రాదని ప్రత్యేకంగా రాశారు కూడా. వినడానికి బాగుంది. కానీ మావాడు న్యూజెర్సీ గుండా పోవడం లేదు, న్యూజెర్సీకే వచ్చాడు. కాబట్టి వర్తించదు.

గుండా పోయేవాడికైనా పనికొచ్చిందా? 2005లో యూటాకి చెందిన ఒకాయన పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కి బయల్దేరాడు. పిస్తోలు చెక్-ఇన్ సామాన్లో, తాళమేసి, నియమం ప్రకారం పెట్టాడు. న్యూవర్క్‌లో కనెక్షన్ తప్పిపోయింది. సామాను చేతికిచ్చారు, ఆ రాత్రి హోటల్లో పడుకున్నాడు. పొద్దున్నే ఎయిర్‌పోర్టుకొచ్చి మళ్ళీ బుద్ధిగా "తుపాకీ ఉంది" అని చెబితే అరెస్టు చేశారు. కేసు తర్వాత కొట్టేశారు గానీ, ఆయన నష్టపరిహారానికి వేసిన దావా 2010లో అప్పీలు కోర్టులో వీగిపోయింది. కారణం? హోటల్లో ఉన్నంతసేపూ తుపాకీ ఆయన చేతికందేలా ఉందట. విమానం తప్పిపోవడం ఆయన తప్పు కాకపోయినా సరే. న్యూవర్క్‌లో కనెక్షన్ తప్పని తెలుగువాడెవడైనా ఉన్నాడా మనలో?

ఇంక దేశం మ్యాపు చూస్తే తల తిరుగుతుంది. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో పెద్దవాళ్ళెవరైనా, చట్టం నిషేధించినవాళ్ళు తప్ప, ఏ లైసెన్సూ లేకుండానే పిస్తోలు దాచిపెట్టుకుని తిరగొచ్చు. టెక్సాస్ 2021 సెప్టెంబరులో ఆ జాబితాలో చేరింది. వెర్మాంట్‌లో అసలు ముందునుంచీ లైసెన్సన్నదే లేదు. అదే ఇల్లినాయ్‌లో అయితే ఇంట్లో తూటాలు పెట్టుకోవాలన్నా కార్డుండాలి. మన భాషలో చెప్పాలంటే యాభై సర్వర్లు, ఒక్కోదానిది ఒక్కో ప్రోటోకాలు. డాక్యుమెంటేషన్ సరిగ్గా ఉండదు. తప్పు రిక్వెస్టు పంపితే ఎర్రర్ మెసేజి బదులు జైలు!

మనవాళ్ళలో వీసా మీద ఉన్నవాళ్ళకి ఇక్కడో మాట చెప్పాలి. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1... ఇలా నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గరుంచుకోవడం ఫెడరల్ నేరం. కొనడమే కాదు, షూటింగ్ రేంజిలో అద్దెకి తీసుకుని కాల్చడం కూడా అందులోకే వస్తుంది. మినహాయింపులు కొన్నే. ముఖ్యమైనది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గరిష్ఠ శిక్ష 2022లో పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళకి పెంచారు. తర్వాత దేశం నుంచి పంపెయ్యడం ఎలాగూ ఉంది. ప్రాజెక్టు అయిపోయిన ఆనందంలో వెగాస్ వెళ్ళి, రేంజిలో ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టే కుర్రాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది.

ఉత్తినే భయపెట్టడం లేదు. హమీద్ రెహైఫ్ అనే ఒక విద్యార్థి ఫ్లోరిడాలో చదువుకోవడానికొచ్చాడు. చదువు సాగక యూనివర్సిటీ తీసేసింది, దాంతో స్టేటస్ పోయింది. ఆ తర్వాత రేంజికి వెళ్ళి తుపాకీ కాల్చాడు. పద్దెనిమిది నెలల శిక్ష పడింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. తనకి స్టేటస్ లేదన్న సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చెయ్యాలని 2019లో కోర్టు తీర్పిచ్చింది. గెలుపే, కాదనను. కానీ రేంజిలో కాసేపు సరదాకి సుప్రీంకోర్టు దాకా తిరిగే ఓపిక మనకుందా?

మళ్ళీ లైసెన్సుల దగ్గరికొద్దాం. "ఇవ్వకపోతే గొడవే లేదు కదా, అధికారి ఇష్టానికి వదిలెయ్యండి" అనే మిత్రులున్నారు నాకు. వాళ్ళకి మా తాతగారి ఊరి సంగతి చెబుతాను. మా చిన్నప్పుడు ఊళ్ళో తుపాకీ ఒక్క మునసబుగారింట్లోనే ఉండేది. ఎన్నికలొస్తే దాన్ని గుడ్డలో చుట్టి పోలీస్ స్టేషన్లో జమ చేసొచ్చేవారు. అడవి పందులు చేను మొత్తం తినేసిన రైతు దరఖాస్తు పెడితే మాత్రం రాలేదు. మునసబుగారికి కలెక్టరాఫీసులో తెలిసినవాళ్ళుండేవారు, రైతుకి లేరు. మన 1959 ఆయుధాల చట్టంలో ఎంత మంచి మాటలు రాసుకున్నా, ఇవ్వాలా వద్దా అన్నది చాలావరకు అధికారి చేతిలోనే. అధికారి చేతిలో ఉందంటే సిఫార్సు చేతిలో ఉన్నట్టే. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

అమెరికాలో మాత్రం తేడా ఏముంది? 1956లో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన అలబామాలో తుపాకీ పర్మిట్టుకి దరఖాస్తు పెట్టుకుంటే ఇవ్వలేదు. ఆయన కంటే ప్రాణభయం ఉన్నవాడు ఆ రాష్ట్రంలో ఇంకెవడు? న్యూయార్క్‌లో "తగిన కారణం" చూపిస్తేనే ఇస్తామనేవారు. ఆ నగరపు లైసెన్సుల విభాగంలో పోలీసులు లంచాలు తీసుకుని పర్మిట్లిచ్చిన బాగోతం 2016, 2017ల్లో ఫెడరల్ కోర్టుకెక్కింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో ఆ "తగిన కారణం" నిబంధన చెల్లదని కొట్టేసినప్పుడు నా లిబరల్ మిత్రులు చాలామంది బాధపడ్డారు. నేను పెద్దగా పడలేదు. సిఫార్సు మీద నడిచే హక్కు మనలాంటి రంగు, మనలాంటి యాస ఉన్నవాళ్ళకి చివర్లోనే దక్కుతుంది.

అయితే ఆ తీర్పుని తుపాకీ సంఘాలవాళ్ళు సగమే చదువుతారు. తనిఖీ చేసి, శిక్షణ ఇచ్చి, అర్హత ఉన్న ప్రతివాడికీ లైసెన్సిచ్చే పద్ధతిని ఆ తీర్పు తప్పుబట్టలేదు. వీళ్ళకి బాగా నచ్చే పోలిక డ్రైవింగ్ లైసెన్సు. "పెన్సిల్వేనియా డ్రైవింగ్ లైసెన్సు న్యూజెర్సీలో చెల్లుతుంది కదా, తుపాకీది ఎందుకు చెల్లదు?" అంటారు. మంచి ప్రశ్నే. కానీ డ్రైవింగ్ లైసెన్సుకి ఏ రాష్ట్రంలోనైనా పరీక్ష ఉంటుంది. ప్యారలల్ పార్కింగ్ దగ్గర కోన్‌ని గుద్ది రెండోసారి వెళ్ళిన బాధ మనలో ఎంతమందికి లేదు! మావాడికి పిస్తోలు లైసెన్సుకి పెన్సిల్వేనియాలో ఒక్క గంట శిక్షణ కూడా అక్కర్లేదు. ఒక్క తూటా కాల్చి చూపించమని అడగలేదు. అలాంటి కాగితాన్ని నమ్మమంటే న్యూజెర్సీ ఎందుకు నమ్ముతుంది? లైసెన్సే లేని రాష్ట్రం మాటేమిటి? 2021లో తుపాకీ మరణాలు లక్ష జనాభాకి మసాచుసెట్స్‌లో 3.4, మిసిసిపీలో దాదాపు 34. అన్నీ చట్టాల వల్లే అనను, పేదరికం ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. కానీ తక్కువ అంకె ఉన్న రాష్ట్రం ఎక్కువ అంకె ఉన్న రాష్ట్రపు నియమాల్ని నెత్తిన పెట్టుకోడానికి భయపడితే ఆ భయాన్ని తప్పుపట్టలేం.

2017 డిసెంబరులో ప్రతినిధుల సభ ఒక బిల్లు పాస్ చేసింది. ఒక రాష్ట్రంలో దాచిపెట్టుకుని తిరిగే హక్కున్నవాడికి మిగతా రాష్ట్రాల్లోనూ అది చెల్లాలని. ఉమ్మడి పరీక్ష మాత్రం లేదు. సెనేట్‌లో అది ముందుకి కదల్లేదు. ఇటువైపు వాళ్ళూ తక్కువ తినలేదు. బ్రూయెన్ తీర్పు వచ్చిన ఏడాదే న్యూజెర్సీ రెండొందల డాలర్ల ఫీజు, నలుగురి హామీ, కాల్చి చూపించే పరీక్ష, ఎక్కడెక్కడ పట్టుకెళ్ళకూడదో చెప్పే చాంతాడంత జాబితా పెట్టింది. పరీక్ష మంచిదే, నేను సమర్థిస్తాను. పక్క రాష్ట్రంవాడు కూడా ఇక్కడి పర్మిట్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ ఇంతకంటే కష్టమైన పరీక్ష వేరే చోట పాసయ్యొచ్చినవాడినీ గుర్తించదు, అదీ గొడవ. అయిదు రాష్ట్రాల్లో తిరిగేవాడు అయిదు పర్మిట్లు మోయాలా?

మధ్యేమార్గం ఉంది. తనిఖీ, కొన్ని గంటల శిక్షణ, కాల్చి చూపించే పరీక్ష, ఇవన్నీ కలిపి ఒక ఉమ్మడి కనీస ప్రమాణం పెట్టాలి. దాన్ని అందుకున్న లైసెన్సు ఎక్కడైనా చెల్లాలి. అందుకోనిది సొంత రాష్ట్రం దాటకూడదు. ఏమరుపాటున సరిహద్దు దాటిన లైసెన్సుదారుకి మొదటిసారి జరిమానా వెయ్యండి, జైలు కాదు. ఒకవైపు వాళ్ళకి శిక్షణ చేదు, ఇంకోవైపు వాళ్ళకి గుర్తింపు చేదు. ఇద్దరూ చెరో చేదు మింగితే తప్ప ఇది తేలదు.

"ఇంత చెబుతున్నావు, నువ్వు కొన్నావా?" అంటారేమో. లేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలాతేలో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపిన రాత్రి నుంచీ మావాడికీ నాకూ ఈ వాదన నడుస్తూనే ఉంది. "చేతిలో ఏదో ఒకటి ఉండాలిరా" అంటాడు వాడు. ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కూర్చున్న మనిషికి తుపాకీ తీసే వ్యవధి ఎక్కడుంటుంది అంటాను నేను. ఆ రోజు హంతకుడి వెంటపడి తూటా తిన్న మూడో మనిషి చేతిలో ఆయుధమే లేదు. పైగా 2021లో ఈ దేశంలో తుపాకీతో పోయిన 48,830 మందిలో సగానికి పైగా, 26,328 మంది, ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు. మా ఇంట్లో పదిహేనేళ్ళ పిల్లవాడున్నాడు. మార్కులు తగ్గితే తలుపేసుకునే వయసు. "దొంగ వస్తాడో రాడో గానీ, వీడు రోజూ ఇంట్లోనే ఉంటాడు" అంది మా ఆవిడ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి నేను కొనను. వాడు అమ్మడు. మొన్న బ్రిడ్జివాటర్ వెంకన్న గుడికని మళ్ళీ వంతెన దాటి వచ్చాడు. కారు దిగీ దిగగానే నన్ను చూసి, "ఇంట్లోనే పెట్టొచ్చానురా, రెండుసార్లు చూసుకున్నా" అన్నాడు. చట్టాన్ని గౌరవించే మనిషి గుడికొచ్చి మొదట చెప్పిన మాట అది.