విత్తే దినమును లెక్కించుకొందాం



క్రిస్మస్ పండుగ తరువాత మేము నాచారంలో ఒక కుటుంబమును దర్శించాము. ఇంటి యజమాని ఉద్యోగము ఫ్యాక్టరీలో; పొలము మాత్రం ఊరిలో, బోరు క్రింద రెండెకరాలు. "అయ్యగారూ, నిరుడు పొద్దుతిరుగుడు ఏపుగా పెరిగింది. పూలు పళ్లెమంత విచ్చుకున్నాయి. తీరా దులిపితే సగం తాలు గింజలే! బాకీ తీరలేదు, అమ్మాయి కాలేజీ ఫీజు కట్టలేకపోయాం. విత్తనం మోసమంటారా?" అని అడిగారు.

ఎప్పుడు విత్తారని అడిగాము. సెలవు దొరికిన ఫిబ్రవరి ఆఖరున అన్నారు.

అక్కడే క్యాలెండరు తీసి లెక్క వేశాము. విత్తిన సుమారు 60 దినములకు పూత వస్తుంది. అంటే ఏప్రిల్ ఆఖరు! పూత సమయంలో ఎండ 38 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చిపోయి గింజ కట్టదు. ఎడతెగని వర్షములోనూ తేనెటీగలు తిరగవు గనుక అదే నష్టము.

అమెరికాలో ఉన్న వారి బంధువు అక్కడి రైతులు గడ్డకట్టే మంచు వెళ్లిపోయే తేదీ చూచుకొని విత్తుతారని చెప్పారట. ఉప్పల్‌లో చలి ఎంత వణికించినా ఆ మంచు భయము లేదు. మన భయము ఎండ. వారు మంచు తేదీ నుండి ముందుకు లెక్కిస్తారు. మనము ఎండల తేదీ నుండి వెనుకకు లెక్కించాలి.

1969లో రష్యా నుండి నూనెపంటగా మన దేశమునకు వచ్చిన ఈ పైరు పగటి పొడవును అంతగా పట్టించుకోదు. అందుకే ఎప్పుడు వేసినా పండుతుందనే మాట పుట్టింది. మొక్క ఎప్పుడైనా పెరుగుతుంది. గింజ మాత్రము అన్నివేళలా నిండదు. నీటి వసతి ఉంటే నవంబరు, డిసెంబరు నెలలు యాసంగికి మంచివి. వేసవి పంటకు జనవరి రెండవ పక్షము మొదలు ఫిబ్రవరి మొదటి పక్షము దాటనియ్యకండి.

పూలు విచ్చినప్పుడు ఉదయము 9 నుండి 11 గంటల మధ్య, చేతికి పల్చని గుడ్డ చుట్టుకొని, దినము విడిచి దినము పువ్వులపై మెల్లగా రుద్దితే గింజ బాగా కడుతుంది. ఆ వేళ పురుగుమందు కొట్టవద్దు; తేనెటీగలు చస్తాయి.

అంతా విన్న ఇల్లాలు, "మీ సెలవు కోసం ఎండ ఆగుతుందా?" అన్నారు. ఆయన నవ్వలేదు. ఊరిలోని తమ్మునికి కబురు పంపి, ఈ జనవరి 20న విత్తించారు. మార్చి మూడవ వారములో పూత. ఆ చేను చూడ మేమును వెళ్లెదము.