మొదటి పేరాలో కనిపించిన మనిషి

తిరుపతి మీద యాత్రా వ్యాసం అనగానే అలిపిరిలో మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే అమ్మతో మొదలుపెట్టడం మన ఆదివారం అనుబంధాలకు అలవాటైపోయింది. రెండో పేరాకల్లా ఆవిడ మాయం. ఆపైన అంతా బస్సు వేళలు, గదుల అద్దెలు. ఇది పాఠకులకీ ఆ అమ్మకీ కూడా అన్యాయమే. మొదట చెప్పిన సంఘటన మీదే వ్యాసమంతా నిలబడాలి. శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. కరక్కాయ, పాలు పట్టించి ఆరేసిన గుడ్డ మీద వెదురు కలంతో నల్లగీత గీస్తున్న చేతిని చూపించి మొదలుపెడితే చాలు, కథ దానంతటదే నడుస్తుంది. ఆ నలుపు ఎక్కడిదని అడిగితే ఇనుప ముక్కలు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్ల సంగతి వస్తుంది. అద్దకం మధ్యలో గుడ్డ ఉతకాలంటే పారే నీళ్లు కావాలి కాబట్టి స్వర్ణముఖి వస్తుంది. ఏరు ఎండిన నెలల్లో ఈ పనివాళ్ల గతేమిటన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇలా చూసినదాన్ని వదలకుండా రాయడం మనకు కొత్తేమీ కాదు. 1830లో మద్రాసు నుంచి తిరుపతి మీదుగా కాశీకి వెళ్లిన ఏనుగుల వీరాస్వామయ్య దారినీ, మజిలీలనీ, ఊళ్లనీ, మనుషుల్నీ ఏ రోజుకారోజు శ్రద్ధగా రాసిపెట్టారు. 1838లో అచ్చయిన ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ను ఇప్పటికీ చదువుతున్నాం. రాసేవాళ్లకు నా విన్నపం ఇదే: మొదటి పేరా తీసేసినా వ్యాసానికి లోటు రాదంటే, మళ్లీ ఆ ఊరు వెళ్లండి, ఆ మనిషిని ఇంకాస్సేపు కూర్చోబెట్టి మాట్లాడించండి.