పెరటి చెట్టు

“పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు” అన్న సామెత తెలుగునాట అందరికీ తెలిసినదే. చేరువలో ఉన్నదాని విలువను మనిషి గుర్తించలేడని దాని భావం. అయితే ఆ సామెత పుట్టిన కాలంలో ఇంటింటికీ ఒక పెరడు ఉండేదన్న విషయం కూడా అందులో దాగి ఉంది. ఆనాడు చెట్టు ఉండేది, దాని విలువ తెలియకపోయేది. నేడు అనేక గృహాలలో ఆ చెట్టే కనిపించడం లేదు.

ఖమ్మం జిల్లాలోని ఏన్కూరు ప్రాంతాన్ని పరిశీలిస్తే ఈ మార్పు స్పష్టమవుతుంది. తల్లాడ నుండి కొత్తగూడెం పోయే దారిలో, మైదానం ముగిసి అడవి మొదలయ్యే అంచున ఉన్న మండలమిది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినప్పుడు పొరుగున ఉన్న జూలూరుపాడు కొత్త జిల్లాలో చేరగా, ఏన్కూరు ఖమ్మం జిల్లాలోనే నిలిచింది. పల్లెలు, లంబాడీ తండాలు, కోయ గూడేలు కలసి ఉన్న ఈ నేల మీద పత్తి, మిరప, మొక్కజొన్న, వరి విస్తారంగా పండుతాయి. వీటిలో ఎక్కువ భాగం అమ్మకానికి పండించే పంటలే. వాటి ధర రైతు చేతిలో ఉండదు. ఎకరాల కొద్దీ సేద్యం చేసే కుటుంబం కొత్తిమీర కట్ట కోసం, పావుకిలో బెండకాయల కోసం సంతకు పోవలసి రావడం ఈ కాలపు విచిత్రం. ఇందుకు రైతును నిందించడం తగదు. పిల్లల చదువులకు, వైద్యానికి, అప్పు తీర్చడానికి రొక్కం కావాలి. రొక్కం తెచ్చే పంట వైపే అతడు మొగ్గుతాడు. కాని చేను మార్కెట్టు కోసం పండినా, ఇంటి వెనుక ఉన్న నాలుగు గజాల నేలను ఇంటి కోసం ఉంచుకోవడానికి అడ్డేమున్నది?

తెలుగువారి భోజనానికీ, పెరటికీ ఉన్న అనుబంధం నిన్నటిది కాదు. పదహారవ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుని ఇంట అతిథులకు ఏ ఋతువులో ఏమి వడ్డించేవారో విపులంగా వర్ణితమైంది. వానకాలపు విందులో కూరలతోపాటు వడియాలు, వరుగులు కనిపిస్తాయి. వరుగులంటే ఎండబెట్టి దాచుకొన్న కూరగాయల ముక్కలు. పండిన కాలంలో మిగిలినదాన్ని దొరకని కాలానికి దాచుకోవడం ఆనాటి గృహిణి నేర్పు. ఏన్కూరు వంటి అడవి అంచు పల్లెలకు మరొక భాగ్యం కూడా ఉన్నది. తొలకరి పడగానే అడవి బోడకాకరను ఇస్తుంది. చేలగట్ల మీద గంగవాయిలి, పొన్నగంటి మొలుస్తాయి. వీటిని గుర్తుపట్టి ఏరుకొనే నేర్పు పెద్దల వద్ద ఇంకా ఉన్నది. అది పిల్లలకు అందకపోతే, ఎదుట మొలచిన కూర కూడా వారి కంటికి కలుపుమొక్కగానే కనిపిస్తుంది.

పెరడు కేవలం ముచ్చట కాదు. అది ఆరోగ్యానికి సంబంధించిన విషయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా, ఐదేళ్లలోపు పిల్లలలో నూటికి 70 మంది రక్తహీనతతో ఉన్నారు. మనిషి రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఆకుకూర తిన్నంత మాత్రాన రక్తహీనత తొలగిపోతుందని చెప్పడం సరికాదు. వైద్యుని సలహా, అవసరమైన మందులు ఉండవలసిందే. అయితే సంతకు పోయిన రోజు మాత్రమే కూర వండే ఇంటికీ, వాకిట్లోనే మునగచెట్టు ఉన్న ఇంటికీ తేడా తప్పక ఉంటుంది. ఆ తేడా ముందుగా తల్లుల కంచాలలోనూ, పిల్లల కంచాలలోనూ కనిపిస్తుంది.

కొత్తగా పెరడు పెంచేవారు తరచుగా చేసే పొరపాటు అత్యాశ. ఒకేసారి ఇరవై రకాల విత్తనాలు తెచ్చి చల్లుతారు. నెల తిరిగేసరికి కలుపు ముంచెత్తుతుంది, ఉత్సాహం సన్నగిల్లుతుంది. మొదటి ఏడు ఒక ఆకుకూర మడి, ఒక తీగపాదు, ఒక కరివేపాకు మొక్క చాలు. జూన్ మొదటి వారం దాటాక వచ్చే మృగశిర కార్తె ఇందుకు అనువైన సమయం. తోటకూర విత్తనాలు మరీ సన్నవి గనుక ఇసుకతో కలిపి చల్లితే సమంగా పడతాయి. నెల రోజులలోపే కూర చేతికి వస్తుంది. మడినంతా ఒకనాడే విత్తక, పదిహేను రోజుల కొకసారి కొంత కొంతగా విత్తితే ఇంటికి ఎడతెగకుండా కూర అందుతుంది. బీరకో సొరకో మూరెడు లోతున గుంత తీసి, బాగా చివికిన పశువుల ఎరువు మట్టిలో కలిపి పాదు చేయాలి. పచ్చిపేడ వేస్తే లేత వేరు మాడుతుంది, చెదలు చేరతాయి. ధనియాలను నలిపి బద్దలు చేసి విత్తాలన్నది కూడా మొదటిసారి విత్తేవారికి తెలియని సంగతే.

తీగ పందిరెక్కి పూయడం మొదలుపెట్టగానే మరొక బెంగ కలుగుతుంది. పువ్వులన్నీ రాలిపోతున్నాయి, కాయ నిలవడం లేదని వాపోతారు. బీర, సొర, గుమ్మడి తీగలకు మగపువ్వులు, ఆడపువ్వులు వేరువేరుగా పూస్తాయి. సాధారణంగా మొదట వచ్చేవి మగపువ్వులు. అవి రాలడం సహజం. ఆడపువ్వు అడుగున చిన్న పిందె ఉంటుంది. పుప్పొడిని దానికి చేర్చేవి తేనెటీగలు, సీతాకోకచిలుకల వంటి కీటకాలు. చేనులో వాడగా మిగిలిన పురుగుమందును తెచ్చి పెరటిలో చల్లితే పురుగుతోపాటు ఈ మిత్రులు కూడా నశిస్తాయి; ఆ మందు నేరుగా ఇంటివారి కంచంలోకే చేరుతుంది. అందుకు బదులు లీటరు నీటిలో యాభై గ్రాముల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి చల్లవచ్చు. చిక్కుడుకు పట్టిన పేనుబంకను ఆరంభంలోనే గమనిస్తే కొనలు తుంచివేయడం, బూడిద చల్లడం కూడా ఉపకరిస్తాయి.

స్థలం లేదు, నీరు లేదు, కోతులు ఉండనివ్వవు — పెరడు పెంచనివారు చెప్పే కారణాలు ఇవి. వీటిలో నిజం లేకపోలేదు. స్థలం లేనివారు పగిలిన కుండలో, పాత బకెట్టులో పుదీనా, మెంతి పెంచుకోవచ్చు. బియ్యం, కూరలు కడిగిన నీరు ఒక పాదుకు చాలుతుంది. కోతుల బెడద మాత్రం చిన్నది కాదు. అడవిలో పండ్లచెట్లు తరిగిన కొద్దీ అవి ఊళ్ల మీద పడుతున్నాయి. ఇది ఒక్క ఇంటివారు తీర్చగల సమస్య కాదు. ఊరంతా, ప్రభుత్వం కలసి ఆలోచించవలసినది. అంతవరకు నేలలో ఊరే కంద, పసుపు, ఘాటైన వాసన గల కరివేపాకు, వాము ఆకు వంటివాటిని ఎన్నుకోవడం వివేకం.

మరొక్క విషయం మరువరాదు. పత్తి తీతకు, మిరప కోతకు కూలికి పోయి వచ్చే స్త్రీ మీదనే పెరటి పని కూడా మోపితే అది మేలు కాదు, మరొక భారం. ఉదయం పాదుకు నీరు పోయడం, సాయంత్రం కలుపు తీయడం కళాశాల విద్యార్థి చేయలేని పనులు కావు. వృక్షశాస్త్రంలో చదివిన పరాగసంపర్కం గుమ్మడి పువ్వులో తెల్లవారుజామునే కంటికి కనిపిస్తుంది. నీళ్లు పోస్తూ నానమ్మను అడిగితే పాఠ్యపుస్తకంలో లేని కూరల పేర్లు తెలుస్తాయి.

తొలి ఏడు కాపు ముగిసే వేళ, పందిరి మీద ఒక మంచి కాయను కోయకుండా ఎండనివ్వాలి. దాని గింజలను బూడిదలో కలిపి దాచి, కొన్నింటిని పొరుగింటికి ఇవ్వాలి. మరుసటి తొలకరికి ఆ ఇంటి దడి మీద కూడా తీగ పాకుతుంది. పెరటి చెట్టు విలువ తెలుసుకోవాలంటే ముందు దానిని నాటవలసి ఉంటుంది.